ఇప్పకడుగు నీళ్ళ కేసు

ఖమ్మం వైరా రోడ్డులో ఒక జిరాక్సు షాపు పైన, ఇనుప మెట్లెక్కితే కనబడే గదికి బోర్డు ఉంది: సోయం వనజ, పేటెంట్ అటార్నీ. ఆ బోర్డు పెట్టిన కొత్తలో మెట్లెక్కి వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది పోడు భూముల పట్టాల కోసం వచ్చినవాళ్ళే. "మా సర్వే నంబరు తప్పు పడ్డదమ్మా, జర సరిజేయించు" అని కాగితాలు బల్ల మీద పరిచేవాళ్ళు. వనజ విసుక్కునేది కాదు. "నేను చూసే పట్టా భూమికి కాదే అవ్వా, ఆలోచనకు. ఎవరన్న కొత్త సంగతి కనిపెడితే, ఇది వీళ్ళదే, ఇరవై ఏండ్ల దాక ఇంకొకరు చెయ్యొద్దు అని సర్కారు రాసిస్తది. అది పేటెంటు" అని చెప్పేది. ఒక ముసలామె అంతా విని, "మరి ఆ సంగతి అంతకుముందే ఇంకొకరికి తెలిసుంటే ఎట్ల?" అని అడిగింది. వనజ కింద హోటల్ నుంచి ఆమెకు టీ తెప్పించింది. పెద్ద పెద్ద లా కాలేజీల్లో చదివొచ్చిన కుర్రాళ్ళకు ఆ ప్రశ్న తట్టడానికి రెండేళ్ళు పడుతుందని ఇప్పటికీ అంటుంటుంది.

వనజకు కోపం ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాతి కథ సులువవుతుంది. ఆమె ఊరు టేకులపల్లి మండలం అడవిలోని రాళ్ళగుంపు, నలభై ఇళ్ళ కోయగూడెం. గురుకుల పాఠశాలలో పదో తరగతి దాకా, వరంగల్‌లో బి.ఫార్మసీ చదివింది. తండ్రి దూలయ్య ఆమె ఇంటర్లో ఉండగా జ్వరంతో పోయాడు. తల్లి భీమక్క తునికాకు కోసి, మిరప తోటల్లో కూలికి పోయి చదువు ఆగకుండా చూసింది. హైదరాబాదులో ఒక మందుల కంపెనీ పేటెంట్ విభాగంలో ఉద్యోగం దొరికిన మొదటి రోజే, పక్క కుర్చీలో కూర్చున్నాయన పేరూ ఊరూ అడిగి, "ఓహో, రిజర్వేషనా?" అన్నాడు. "ప్రైవేటు కంపెనీల రిజర్వేషన్ ఏడిది సార్? ముందు అది తెలుసుకొని రాండ్రి, తర్వాత మాట్లాడుకుందం" అంది వనజ. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆయన ఆమెతో వాతావరణం గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు.

ఆ నాలుగేళ్ళలో ఆమె పేటెంట్ ఏజెంట్ పరీక్ష పాసైంది, సాయంత్రం కాలేజీలో లా పూర్తి చేసింది. తర్వాత బసవపున్నయ్య గారి ఆఫీసులో చేరింది. ఆయన మధిర దగ్గరి రైతు కుటుంబం నుంచి వచ్చి, జూబ్లీహిల్స్‌లో మూడంతస్తుల లా ఆఫీసు పెట్టిన మనిషి. మన మందుల కంపెనీల మీద పరాయి దేశాల్లో కేసులు పడితే ముందుగా ఆయనకే ఫోన్ వచ్చేది.

అలా వచ్చిన కేసుల్లోనే వనజకు పేరొచ్చింది. హైదరాబాదు కంపెనీ ఒకటి బీపీ మాత్రలు అమెరికాకు పంపుతోంది. అక్కడి కంపెనీ వాణిజ్య కమిషన్ ముందుకెళ్ళి, ఆ మాత్రలోని లవణం మా పేటెంటు, ఈ సరుకు మీ రేవుల్లో అడుగుపెట్టకుండా ఆపండి అని కోరింది. ఆపితే ఇక్కడ ఒక ఫ్యాక్టరీ మూతపడేదే. అవతలి పక్షానికి నలభై మంది వకీళ్ళు. వనజ పదకొండు వారాలు కుర్చీకి అతుక్కుపోయి, ఎక్కడో పోలండు విశ్వవిద్యాలయంలో డెబ్బైల్లో ఒక విద్యార్థి రాసి, పాసయ్యాక ఎవరూ తెరవని సిద్ధాంత వ్యాసం పట్టుకుంది. అందులో ముప్ఫై నాలుగో పేజీలో అదే లవణం ఉంది. కొత్తదన్నది పాతదని తేలింది. వాషింగ్టన్‌లో విచారణ గది వెనక బెంచీలో కూర్చుని, ఆ పేజీ తెర మీద కనబడగానే నలభై మందీ ఒకేసారి కాగితాలు తిప్పడం చూసింది. ఆ రోజు తనకు కలిగిన ఆనందం కొంచెం దుర్మార్గమైనదే అని ఆమే ఒప్పుకుంటుంది. అప్పటి నుంచి ఆఫీసులో ఆమె పేరు "పాత కాగితం వనజ".

దమ్మపేట నుంచి వీరబాబు ఫోన్ చేసింది ఆ తర్వాత రెండేళ్ళకు. వీరబాబు అటవీ సరుకుల వ్యాపారి. కొసరుకునే మనిషే గానీ మోసగాడు కాదు. రాళ్ళగుంపులో పద్దెనిమిది మంది ఆడవాళ్ళ సంఘం చిల్లగింజల పొడి తయారుచేస్తే, అతను కొని జర్మనీకి పంపేవాడు. చిల్లగింజ అంటే బురదనీళ్ళను తేర్చే గింజ. చొక్కా గుండీ అంత ఉంటుంది. కుండ లోపలి అంచున కాస్త అరగదీసి నీళ్ళు పోస్తే, కాసేపటికి మట్టంతా అడుక్కి దిగి పైన తేటనీరు నిలుస్తుంది. ఆ సంఘానికి పెద్ద వనజ తల్లి భీమక్కే.

"వనజమ్మా, మన సరుకు హాంబర్గ్ రేవుల ఆపిండ్రు. ఏదో పేటెంటంట. అక్కడి కంపెనీ కస్టమ్సోళ్ళకు అర్జీ పెట్టిందంట. నాకేం సమజ్ గాలేదు" అన్నాడు వీరబాబు.

వనజ ఆ పేటెంటు నంబరు తెప్పించుకుంది. అదే కంపెనీ మన దేశంలోనూ దరఖాస్తు చేసిందనీ, చెన్నై పేటెంట్ కార్యాలయంలో అది ఇంకా పరిశీలనలో ఉందనీ తేలింది. ఆఫీసులో తన బల్ల దగ్గరే కూర్చుని దరఖాస్తు తెరిచి చదివింది. చిల్లగింజ నీటిని తేరుస్తుందని లోకానికంతా తెలుసు, దాన్ని ఎవరూ పేటెంటు అడగలేరు. వాళ్ళు అడిగింది వేరే. గింజలను ఇప్పపువ్వు కడిగిన నీళ్ళలో మూడు రోజులు నానబెట్టి, పైపొర వదలగొట్టి, నీడన ఆరబెట్టి పొడి చేయడం. అలా చేస్తే పొడి రెండింతలు త్వరగా పనిచేస్తుందట. ఇదీ వాళ్ళు కనిపెట్టిన కొత్త సంగతి.

వనజ చదవడం ఆపి కిటికీ దగ్గరకు పోయి నిలబడింది. ఒళ్ళు మండిపోతోంది. చైత్రం వస్తే రాలిన ఇప్పపువ్వును ఇసుక పోయేదాకా కడగడం, ఆ తియ్యటి కడుగును పారబోయకుండా గింజలు నానేయడం తన తల్లి వాకిట్లో పుట్టినప్పటి నుంచి చూసిన పని. చుట్టుపక్కల గూడేల్లో ఇంకెవరూ అలా చెయ్యరు. ఎన్నడో ఒక కరువు ఎండాకాలంలో వేరే నీళ్ళు లేక రాళ్ళగుంపు ఆడవాళ్ళు ఆ కడుగులోనే గింజలు వేశారట, పొడి బాగా పనిచేసిందట, అప్పటి నుంచి అదే పద్ధతి. రెండు వేల పదహారులో ఇద్దరు పరిశోధకులు గూడేనికి వచ్చి నాలుగు రోజులున్నారు. భీమక్క వాళ్ళకు ఆ నీళ్ళే తాగించింది, అడిగిందల్లా చెప్పింది. ఆ మరుసటి ఏడే దరఖాస్తు పడింది. కనిపెట్టినవాళ్ళ పేర్ల దగ్గర ఆ ఇద్దరి పేర్లున్నాయి. గింజలు ఎక్కడివి అన్న చోట "స్థానిక మార్కెట్టు" అని ఉంది.

బసవపున్నయ్య గారు అంతా ఓపిగ్గా విన్నారు. "అమ్మాయ్ వనజా, నీ బాధ నాకు తెలుసు. కానీ రేపు అలాంటి కంపెనీలే మన దగ్గరకు రావాలి. మన ఆఫీసు పేరుతో ఈ కేసు వద్దు. ఎవరైనా కుర్రాడికి అప్పగించి పక్క నుంచి నడిపించు" అన్నారు.

"పక్క నుంచి నడిపించుడు నాకు రాదు సార్."

"ఈ కుర్చీ మళ్ళీ దొరకదమ్మా."

"కుర్చీ మీదే సార్. నేర్చుకున్న పని నాది, అది తీస్కపోతున్న" అంది వనజ. ఆయన నొచ్చుకున్నారు గానీ నెలాఖరుకు ఆమె పుస్తకాల పెట్టెలు ఖమ్మం చేర్చడానికి తన డ్రైవరునే పంపారు. మంచివాళ్ళు కూడా తమ వ్యాపారం దగ్గర ఒక గీత గీసుకుంటారు. వనజ దానికి ఆయన్ను ఎప్పుడూ తిట్టలేదు, ఆ గీత లోపల ఉండలేకపోయింది, అంతే.

మన పేటెంట్ చట్టంలో ఒక చిన్న ఖండిక ఉంది. ఏదైనా స్థానిక సమాజంలో ఆ సంగతి ముందే తెలిసి ఉంటే, అది నోటిమాటగా తెలిసిందైనా సరే, పేటెంటు ఇవ్వకూడదు. ఆ ఖండికను పట్టుకుని వనజ అభ్యంతరం దాఖలు చేసింది. రాళ్ళగుంపులో ఇరవై రెండు మంది చేత ప్రమాణపత్రాలు రాయించింది, వేలిముద్రలు వేయించింది. గింజలు ఎక్కడివో దాచారన్న ఆరోపణ కూడా చేర్చింది.

కంపెనీ జవాబు నలభై పేజీలు వచ్చింది. సారాంశం నాలుగు ముక్కలే. ఈ ఇరవై రెండు మందీ పొడి అమ్ముకునే వాళ్ళు లేదా వాళ్ళ చుట్టాలు. అభ్యంతరం వేసిన న్యాయవాది సంఘం పెద్ద కూతురు. ఈ పద్ధతిని గ్రామస్థులకు నేర్పింది మా పరిశోధకులే. అంతకుముందు వాళ్ళకు ఇది తెలుసనడానికి ఒక్క కాగితమైనా ఉందా?

ఆ చివరి వాక్యం వనజను కుదిపేసింది. కాగితాలు తవ్వి తీసి బతికిన మనిషి ఆమె. పోలండులో విద్యార్థికి కాగితం ఉంది, తను పుట్టిన ఊరికి లేదు. వృక్షశాస్త్ర పుస్తకాలు, అటవీ శాఖ పాత నివేదికలు, తెల్లదొరల గెజెటీర్లు అన్నీ తిరగేసింది. చిల్లగింజ అన్నింట్లోనూ ఉంది. ఇప్పకడుగు ఒక్కదాంట్లోనూ లేదు. గూడేనికి వచ్చి అడిగిన దొరలెవరూ ఆడవాళ్ళ వాకిట్లోకి తొంగి చూడలేదు మరి.

సొంత మనుషుల మాట చెల్లకపోతే పగవాళ్ళ మాట కావాలి అనుకుంది. రాళ్ళగుంపుకు వాగు అవతల తూర్పుగుంపు ఉంది. ఆ గూడెం వాళ్ళకు వీళ్ళంటే తరతరాల వేళాకోళం. వీళ్ళను "ఇప్పకడుగోళ్ళు" అంటారు. వీళ్ళింటికి పిల్లనిస్తే పిల్లకు సారా వాసన గల నీళ్ళు తాగిస్తారని పెళ్ళి మాటల్లో కూడా ఎత్తిపొడుస్తారు. చిన్నప్పుడు ఆ పేరు వినబడితే వనజ రాళ్ళు విసిరేది. ఇప్పుడు ఫైలు చంకన పెట్టుకుని వాళ్ళ దగ్గరకే బయల్దేరింది.

తూర్పుగుంపులో ముత్తక్కకు డెబ్బై దాటాయి. ఇంటి ముందు మంచం మీద కూర్చుని మొర్రిపండ్లు ఎంచుతోంది. వనజ కింద కూర్చుని వచ్చిన పని చెప్పింది.

"పెద్దమ్మా, మమ్మల్ని ఇప్పకడుగోళ్ళని ఎప్పటి సంది అంటుండ్రు?"

"నా పెండ్లికంటే ముందు సంది. మా అత్త కూడ గట్లనే అనేది" అని ముత్తక్క పడీ పడీ నవ్వింది. "మీరు గా నీళ్ళల్ల గింజలేసుడు చూసి మేం ముక్కు మూసుకునేటోళ్ళం. ఏంది, గిది గూడ రాసుకుంటున్నవా?"

"అవ్, రాసుకుంటున్న. నువ్వు వేలిముద్ర వేస్తవా?"

"నిన్ను ఎక్కిరించిన అని వేలిముద్ర ఎయ్యాల్నా? ఎన్ని కావాల్నంటే అన్నేస్త." ఆమె మళ్ళీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, తర్వాత మామూలుగా అడిగింది: "గని బిడ్డా, ఒక్క కాయితం లేదంటవేంది? గా నీళ్ళకే గదా మీ అమ్మ జైలుకు పోయింది. అబ్కారోళ్ళు బోలెడు కాయితాలు రాసిండ్రు. మా మామనే సాక్షి సంతకం పెట్టిండు."

వనజ చేతిలో పెన్ను కదల్లేదు. ముత్తక్క ఆమె ముఖం చూసి, తను అనకూడనిది అన్నానని గ్రహించి, మొర్రిపండ్ల గంప పక్కకు జరిపింది. "నీకు తెల్వదా? అయ్యో" అంది.

వాగు దాటి ఇంటికి వచ్చేసరికి భీమక్క గింజలు ఎండబోస్తోంది. వనజ చాప పక్కన నిలబడి, ఉపోద్ఘాతం లేకుండా అడిగేసింది. భీమక్క తలెత్తలేదు. గింజలు చేత్తో పలచగా సర్దుతూనే చెప్పింది. తొంబై ఆరు. మద్యనిషేధం ఉన్న రోజులు. అబ్కారీ వాళ్ళు అడవి గూడేల మీద దాడులు చేస్తున్నారు. ఒక పొద్దున్నే వాకిట్లో మూడు కుండలు చూశారు, ఇప్ప వాసన కొట్టింది, జీపెక్కించారు. పద్నాలుగు రోజులు లోపల ఉంచారు. కోర్టులో వకీలు, తప్పు ఒప్పుకుంటే జుర్మానా కట్టి ఇయ్యాలే ఇంటికి పోవచ్చు, లేదంటే ఆర్నెల్లు తిరగాలె అన్నాడు. ఒప్పుకుంది.

"నువ్వు భద్రాచలం దవాఖానల ఉన్నవని చెప్పిండు నాయిన" అంది వనజ. ఆ పద్నాలుగు రోజులూ ఆమెకు లీలగా గుర్తున్నాయి. తండ్రి వండిన మాడిన జావ, బస్సు చప్పుడైతే పరుగెత్తడం. ఐదేళ్ళ పిల్లకు అబద్ధం చెప్పినందుకు ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలియలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

భీమక్క లోపలికి పోయి పింఛను పుస్తకం మడతల్లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. మళ్ళీ ఎవరన్నా వస్తే చూపించు, జుర్మానా కట్టినట్టు ఇదే రుజువు, పారేయొద్దు అని ఆనాటి కోర్టు గుమస్తా ఇచ్చిన నకళ్ళు. ముద్ర కాస్త పాలిపోయినా అంకెలు స్పష్టంగా ఉన్నాయి. చదువు రాని మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు దాచింది. వనజ పంచనామా చదివింది.

"ముద్దాయి ఇంటి ఆవరణలో మూడు మట్టి కుండలు. ప్రతి కుండలో ఇప్పపువ్వు వాసన గల లేత గోధుమరంగు ద్రవము. మూడవ కుండ అడుగున చిల్లగింజలు సుమారు రెండు కిలోలు నానబెట్టి ఉన్నవి. ఇప్పపువ్వు కడిగిన నీటిలో సదరు గింజలను మూడు దినములు నానబెట్టి, తాగునీటిని తేర్చుటకు వాడుదుమని ముద్దాయి చెప్పినది. సదరు మాట నమ్మదగినదిగా లేదు."

వనజ చివరి వాక్యం రెండుసార్లు చదివింది. వాషింగ్టన్‌లో తెర మీద చూపిన ముప్ఫై నాలుగో పేజీ దీని ముందు ఎందుకూ పనికిరాదు. కానీ సంతోషం రాలేదు.

"అమ్మా, ఈ కాయితం పెడితే కేసు గెలుస్తం."

"వద్దు" అంది భీమక్క. "కాయితంల నేను సారా కాసిన దాన్ని అని ఉన్నది. తప్పు ఒప్పుకున్నదని ఉన్నది. గుంపుల ఈ కాలం పిల్లలకు ఎవరికీ తెల్వదు. పద్దెనిమిది మంది నా మాట మీద నడుస్తుండ్రు. రేపు పేపర్ల నా ఫోటో ఏసి దొంగసారా భీమక్క అంటరు. నీకు కేసు దొరుకుతది, నాకు ఇజ్జత్ పోతది."

ఇక్కడ వనజ బతిమాలి ఉంటుందని మీరనుకుంటే ఆమె మీకింకా తెలియనట్టే. ఊళ్ళవాళ్ళ కాగితాలన్నీ తవ్వి బయటపెట్టిన మనిషి, ఆ కవరును తల్లి చేతిలో పెట్టింది. "కాయితం నీది. నీ ఇష్టం. నువ్వు వద్దంటే నేను ముత్తక్క వేలిముద్రతోనే కొట్లాడుత" అంది. ఓడిపోతానని తెలిసే అంది. ఆ సాయంత్రం బస్సుకే ఖమ్మం వెళ్ళిపోయింది.

మూడో రోజు పగటి పూట ఇనుప మెట్ల మీద చప్పుడైంది. భీమక్క ఒక్కతే టేకులపల్లి నుంచి బస్సులు మారి వచ్చింది. కుర్చీలో కూర్చోకుండానే కవరు బల్ల మీద పెట్టింది.

"ఆలోచన చేసిన. తూర్పుగుంపోళ్ళు నవ్విండ్రు, పడ్డ. అబ్కారోళ్ళు జైల్ల ఏసిండ్రు, పడ్డ. ఆ నీళ్ళు తప్పన్నరు. ఇప్పుడు గా నీళ్ళే గొప్పయి అని ఈ కంపెనోడు తనయి అంటుండు. తప్పు అయినప్పుడు నాది, గొప్ప అయినప్పుడు ఆనిదా? నడువు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్త."

ఇలాంటి విచారణల్లో సాక్షులను పిలవడం అరుదు, అంతా కాగితాల మీదే నడుస్తుంది. పంచనామా చూశాక అవతలి వాళ్ళే పట్టుబట్టారు, ఆమెను ప్రశ్నించాలని. నేరం ఒప్పుకున్న మనిషి, చదువు లేని మనిషి, రెండు ప్రశ్నలకే తడబడుతుందని వాళ్ళ లెక్క. అభ్యంతరం మీద తీర్పు చెప్పే అధికారి, కంట్రోలర్, అనుమతించారు. విచారణ వీడియోలో జరిగింది. చెన్నైలో కంట్రోలర్, ఢిల్లీలో కంపెనీ న్యాయవాది, మధ్యలో తెలుగు ఇంగ్లీషు మార్చి చెప్పే దుబాసీ. వైరా రోడ్డు గదిలో ల్యాప్‌టాప్ ముందు భీమక్క, కెమెరాకు ఇవతల వనజ. అవతలి ప్రశ్నలు అయ్యేదాకా వనజ నోరు విప్పకూడదు. ఆమె జీవితంలో అంతకన్నా కష్టమైన పని చెయ్యలేదు.

"తొంబై ఆరులో మీరు కోర్టులో నేరం ఒప్పుకున్నారా?" అన్నాడు న్యాయవాది.

"ఒప్పుకున్న."

"అంటే ఆ కుండల్లో ఉన్నది సారా తయారీకి ఊరబెట్టిన ఇప్పపువ్వు."

"గాదు. గింజలు నానేసిన కడుగు నీళ్ళు."

"అయితే మీరు కోర్టులో అబద్ధం చెప్పారు."

"చెప్పిన."

న్యాయవాది కాస్త ముందుకు వంగాడు. "అప్పుడు న్యాయమూర్తి ముందు అబద్ధం చెప్పిన మనిషి ఇప్పుడు నిజం చెబుతోందని ఎందుకు నమ్మాలి?"

భీమక్క తెరలోని మనిషి వైపే చూస్తూ చెప్పింది.

"అప్పుడు తప్పు చేసిన అంటే ఇంటికి పంపుతమన్నరు. ఇంట్ల ఐదేండ్ల పిల్ల ఉన్నది. అందుకని అన్న. ఇయ్యాల నాకు ఎవరు ఏం ఇస్తమన్నరు సారూ? నా మాట నమ్మకుండ్రి, పర్వలేదు. ఆ కాయితం నేను రాయలే, నాకు రాసుడు రాదు. నన్ను పట్టుకపోయిన సారు రాసిండు. నన్ను జైల్ల ఎయ్యనీకి రాసిండు. కుండల గింజలున్నయని ఆయనే రాసిండు, మూడొద్దులు నానేస్తమని నేను చెప్పింది ఆయనే రాసిండు. సారాల చిల్లగింజలు ఎవరేస్తరు? మీరు ఏస్తరా?"

దుబాసీ ఆ చివరి ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చడానికి కొంచెం తటపటాయించి, మార్చింది. కంట్రోలర్ తల వంచి ఏదో రాసుకున్నారు. న్యాయవాది ఇంకో మూడు ప్రశ్నలడిగాడు గానీ వాటిల్లో పస లేదు. తర్వాత వనజ మాట్లాడింది ఎనిమిది నిమిషాలే. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక విదేశీ కంపెనీ ఈ పద్ధతికి దరఖాస్తు చేస్తుందని ముందే ఊహించి, ఒక అబ్కారీ అధికారి మా అమ్మకు సాయంగా ఈ పంచనామా రాశాడని వాదించదలిస్తే అవతలి పక్షం మిత్రులు ఇప్పుడే వాదించవచ్చు అంది.

నాలుగు నెలలకు ఉత్తర్వు వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. ఆ పద్ధతి రాళ్ళగుంపు కోయ కుటుంబాలకు కనీసం తొంబై ఆరు నాటికే తెలుసుననీ, గింజలూ పద్ధతీ ఎక్కడివో దరఖాస్తులో దాచారనీ రాశారు. హాంబర్గ్ సంగతి ఇంకా తేలలేదు. అక్కడి వకీలు ఈ ఉత్తర్వును తర్జుమా చేయించి దాఖలు చేశాడు, కంపెనీ అప్పీలంటోంది, వీరబాబు రోజూ ఫోన్ చేస్తాడు. కానీ ఇక్కడ పొడి తయారీని ఎవరూ ఆపలేరు.

వనజ ఉత్తర్వు పట్టుకుని రాళ్ళగుంపు వెళ్ళింది. సంఘం ఆడవాళ్ళంతా చేరారు. భీమక్క జైలు సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు, పేపర్లోనూ వచ్చింది. ఎవరూ దొంగసారా అనలేదు. తూర్పుగుంపు నుంచి ముత్తక్క కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంది, తన వేలిముద్ర వల్లే గెలిచారని అందరికీ చెబుతూ. వనజ ఒక్కో పేజీ తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళింది. అంతా అయ్యాక భీమక్క అడిగింది.

"అయితే నేను చెప్పింది నిజమే అని సర్కారు రాసిచ్చినట్టేనా?"

"అవ్ అమ్మా. రాసిచ్చింది."

"మరి నా మీది సారా కేసు కొట్టేసినట్టేనా?"

వనజ కాగితాలు మూసింది. "లేదమ్మా. అది వేరే కోర్టు. దాంట్ల నువ్వు తప్పు ఒప్పుకున్నవు కాబట్టి, ఆ శిక్ష కాయితం మీద ఇంక గట్లనే ఉన్నది. ఇరవై ఎనిమిదేండ్లు దాటింది. ఇప్పుడు హైకోర్టుకు పోయినా, ఇంత ఆలస్యం ఎందుకైందని ముందు అదే అడుగుతరు. ఒప్పుకున్న కేసు తిరగదోడుడు శానా కష్టం. గెలుస్తమని నేను చెప్పలేను."

భీమక్క చీర కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"గెలుస్తవా అని అడగలేదు బిడ్డా. ఎప్పుడు ఏస్తవు అని అడుగుతున్న."